నాలుగు రోజుల మచ్చు, ఆరు వారాల మూట

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజమని ముందే ప్రమాణం చేస్తున్నాను. పద్నాలుగేళ్లు మందుల కంపెనీ మనిషిగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం డాక్టర్ల గుమ్మాల ముందు తోలు సంచీతో నిలబడి, ఈ టానిక్కు తాగితే మంచంలో ఉన్నవాడు కొండెక్కుతాడని చెప్పిన నోరే ఇది. ఆ నోటి ఒట్టుకు విలువ ఎంతో నాకూ తెలుసు. అందుకే దేవుళ్ల జోలికి పోకుండా నా కడుపు మీద ఒట్టు వేస్తున్నాను. నలభై దాటిన మనిషికి అంతకంటే పవిత్రమైంది ఇంకొకటి ఉండదు.

పోయిన నెల పుంగనూరు నుంచి ఒక కార్డు వచ్చింది. మూలలకు పసుపు లేదు. చింతపండు మండీలో రుచి చూసే ఆయప్ప పోయాడని, పదకొండో రోజుకు రమ్మని అందులో ఉంది. డెబ్బై దాటిన మనిషే. "మధ్యాహ్నం సంగటి తిని, చేయి కడుక్కొని, అరుగు మీద కూర్చొని అట్లే పోయినాడు" అని ఎవరిచేతో రాయించారు. సంగటి తిని అన్నచోట నా కన్ను ఆగిపోయింది. ఆ మనిషి విషయంలో అది చిన్న సంగతి కాదు.

పేరు రాయను. ఆ ఊళ్లో ఆ పేరుగల వాళ్లు తొమ్మిది మంది ఉన్నారు, రాస్తే తొమ్మిది మందీ అది నేనేనంటారు. మా వైపు ఆయన అనడానికి ఆయప్ప అంటాం, అది చాలు.

మా వైపు మాఘమాసం వస్తే చింతపండు దిగుతుంది. చౌడేపల్లె, నిమ్మనపల్లె, వెంకటగిరికోట పల్లెల నుంచి బండ్ల మీదా బస్సుల నెత్తిమీదా మూటలు వచ్చి మండీలో కొండలాగా పడతాయి. పై పొరలో తేనెరంగు పండు, నడిమధ్యలో గింజా ఈనే. ఈ మాయ వ్యాపారికీ తెలుసు, రైతుకూ తెలుసు. కాబట్టి కొనేముందు మూట పక్కన వేలు పట్టేంత చిల్లు చేసి, లోపలినుంచి చిటికెడు లాగుతారు. దాన్ని మచ్చు అంటారు. మూట ధర ఆ చిటికెడు మీద నిలబడుతుంది. ఆ చిటికెడు ఆయప్ప నాలుక మీద నిలబడుతుంది.

ఆయప్ప ఆ చిటికెడును నమిలేవాడు కాదు. నాలుక కొసకు అంటించి, ఎడమ కన్ను మూసి, మండీ రేకుల కప్పులో ఎవరో పిలిచినట్టు పైకి చూసేవాడు. మేమందరం కూడా పైకి చూసేవాళ్లం. తరువాత తీర్పు. ఇది చౌడేపల్లెది, చెరువు కింద చెట్టు. ఇది కోట పక్కది, పోయినేడు పండు కలిపినారు. ఒకసారి ఒక మూట మచ్చు అంటించుకొని, "ఇది వొలిచేటప్పుడు ఇంట్లో కొట్లాట జరిగిండాది" అన్నాడు. మూట తెచ్చిన రైతు మండిపడబోయాడు గాని, పక్కనున్న ఆయన పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకోలేకపోయింది. సగం మూటకు ఈనె తీసి, సగానికి తీయకుండా వదిలేశారట. ఎందుకు వదిలేశారో ఆ నవ్వే చెప్పింది.

ధర పైకి చెప్పరు. వ్యాపారి, రైతు చేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు, గుడ్డ కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. రెండు వేళ్లు పట్టుకుంటే ఒక లెక్క, అయిదు పట్టుకుంటే ఇంకో లెక్క. బేరం ముడిపడకపోతే ఆయప్పనే మధ్యన పెట్టేవాళ్లు. ఆయప్ప తుండుగుడ్డ కింద తెగని బేరం తాలూకాలో లేదు.

ఇక కడుపు. అంటించి ఉమ్మేయడం ఆ పనిలో పద్ధతి. ఆయప్ప ఉమ్మేవాడు కాదు. "ఉమ్మితే నాలిక అబద్ధం చెప్తాదప్పా, మింగితేనే నిజం" అనేవాడు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా యాభై మూటల నిజం మింగితే ఏ కడుపు ఊరుకుంటుంది? రొమ్ము కింద మంట, వెనక వీపులోకి పోటు, తెల్లవారుజామున పులిసిన నీళ్లు గొంతులోకి. జుబ్బా జేబులో ఎప్పుడూ ఒక సీసా ఉండేది, సున్నపునీళ్లలాంటి తెల్లమందు. మూత తీసి కల్లు తాగినట్టు ఎత్తేవాడు. మీసం మీద తెల్లగీత పడేది. ఆ గీత తడిగా ఉంటే ఇప్పుడే మంట లేచిందని, ఎండి ఉంటే కాసేపు మాట్లాడవచ్చని మండీ అంతటికీ తెలుసు.

నాకు ఆయప్ప దొరికింది డెబ్బైల చివర్లో, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో. నా సంచీ కిందపడి మాత్రల డబ్బాలు గలగలమన్నాయి. అందులో ఏముందని అడిగాడు. డాక్టర్లకు పంచే శాంపిల్ మందులని చెప్పాను. శాంపిల్ అంటే ఏమని అడిగి, తెలుసుకొని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మచ్చులంటావు. అట్లయితే మనిద్దరిదీ ఒకే కులం."

అప్పటినుంచి నేను ఆ వైపు పోతే ఆ ఇంట్లోనే భోజనం. ఆయప్పకు మాత్రం భోజనం కాదు, పాలూ బ్రెడ్డూ, మజ్జిగ కలిపిన గంజి. ఆరేళ్లుగా అంతే. ఆయన భార్యది కుప్పం పక్క పల్లె. సన్నటి మనిషి, మాట తక్కువ. మొగుడు తినలేనిది నాకెందుకని తనూ పులుపు మానేసింది. చింతపండుతో బతికే ఆ ఊళ్లో చారు కాగని పొయ్యి అదొక్కటే. నాకు వడ్డించేదీ పెరుగన్నమే. ఒకసారి ధైర్యం చేసి చారు అడిగితే, "వాసనకు ఆయప్ప నోరూరితే కడుపు మండుతాదప్పా" అని లోపలికి పోయింది. నోరూరకుండా చూసుకోవడం ఒక వైద్యమని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చివరికి పెద్దాసుపత్రిలో తెల్లటి పిండిలాంటిది తాగించి ఎక్స్‌రే తీశారు. పేగు మొదట్లో పుండు లోతుగా ఉందన్నారు. కోయాలి, కడుపులో పులుపు ఊరించే నరాన్ని కూడా తెంచాలి, ఉగాది దాటినాక వచ్చి చేరమన్నారు. ఆయప్ప కత్తికి భయపడలేదు. బయటికి వచ్చి నన్ను ఒకటే అడిగాడు.

"ఆ నరం నాలిక్కి గానీ పోతాదా?"

నేను బీయస్సీ. నాకు తెలియదు. అయినా గట్టిగా, పోదన్నాను.

"మచ్చు సూసి చెప్తాండావా, సూడకుండానే చెప్తాండావా?"

ఆయప్ప చేతిలోని ఎక్స్‌రే కవరును మడవబోయి, మడవకూడదని గుర్తొచ్చి, చంకలో పెట్టుకున్నాడు. నాలుక పోతే ఆ మనిషి దగ్గర ఇంకేమీ లేదు. పొలం లేదు, అంగడి లేదు, చదువు లేదు. జిల్లాలో ఎవరికీ లేని ఆ రెండంగుళాల కండే ఆస్తి, అదే పరువు.

అలాంటి రోజుల్లో, ఎనభైల మొదట్లో, మా కంపెనీ కొత్త మాత్ర పంపింది. సిమెటిడిన్ అని. అంతవరకూ ఉన్న మందులన్నీ ఊరిన పులుపును విరగ్గొట్టేవి, వరద ఇంట్లోకి వచ్చాక చీపురుతో ఊడ్చినట్టు. ఇది తూమే మూసేస్తుంది. పులుపు ఊరడం తగ్గితే పుండు తనంతట తనే మానుతుంది. నా ఉద్యోగంలో అబద్ధం అవసరం పడని మందు అదొక్కటే. ఏం చెప్పాలో తెలియక తడబడ్డాను కూడా.

మదనపల్లెలో ఒక డాక్టరమ్మ ఉండేది. గుంటూరు వైపు మనిషి. కళ్లద్దాల మీదుగా చూసి నాలుగు మాటలు మాట్లాడితే అది పండగ. నేను నోరు తెరవకముందే ఆ మాత్ర గురించి చదివి ఉంది. ఆయప్ప ఎక్స్‌రే చూసింది, ఆరు వారాలు ఆగి చూద్దామని కోసే డాక్టరుకు ఉత్తరం రాసింది. ఆయప్పకు లెక్క చెప్పింది. పొద్దున ఒకటి, రాత్రి పడుకునేముందు ఒకటి, నలభై రెండు రోజులు. మంట పోయినా ఆపకూడదు. ఈ నలభై రెండు రోజులూ చింతపండు నాలుకకు తగలకూడదు.

ఆయప్ప మొదటి మాత్రను వెంటనే మింగలేదు. నాలుక కొసకు అంటించి, ఎడమ కన్ను మూసి, డాక్టరమ్మ ఫ్యాను వైపు చూశాడు. పైన పూత కరిగేదాకా కదల్లేదు. తరువాత ముఖం మాడ్చుకొని, చేదుండాది, సరుకు మంచిదేనని ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ నవ్వకుండా ఉండడానికి చీటీ మీద రెండోసారి తేదీ వేసింది.

అయిదో రోజు నేను కుప్పంలో ఉన్నాను. బస్టాండు పక్క హోటల్లో కూర్చొని ఉంటే ఆయప్ప ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మండీ పని మీద వచ్చాడట. నాకు చెప్పకుండానే రాగిసంగటీ చెనిక్కాయల కారం చట్నీ తెప్పించాడు. ముద్ద తుంచి, చట్నీలో అద్ది, మింగాడు. నేను తినడం మానేసి ఆ కడుపు వైపే చూస్తున్నాను. రెండో ముద్ద, మూడో ముద్ద. పళ్లెం ఖాళీ అయింది. చేయి కడుక్కొని వచ్చి, కడుపు మీద అరచెయ్యి ఆనించి, తలుపు దగ్గర ఎవరి అడుగులో వింటున్నట్టు చాలాసేపు ఉన్నాడు. ఎవరూ రాలేదు, మంటా రాలేదు. ఆరేళ్లలో మొదటిసారి. కండ్లలో నీళ్లు తిరిగాయి. కారానికి కాదు.

ఆ సంతోషంలో ఆయప్ప చేసిన పని మచ్చుతో బతికినవాడే చేస్తాడు. మచ్చు బాగుంటే మూట బాగున్నట్టే. మూటంతా తిని చూసేవాడు ఎవడన్నా ఉంటాడా? నాలుగు రోజులు చూశాడు, సరుకు మంచిదని తేల్చాడు, మాత్రలు ఆపేశాడు. మిగిలినవి సున్నం డబ్బీలో భద్రంగా పెట్టుకొని మళ్లీ మండీకి పోయాడు, మళ్లీ మచ్చులు మింగడం మొదలుపెట్టాడు. ఎవరు కడుపు పట్టుకొని కనిపించినా డబ్బీ తీసి ఒక మాత్ర తుంచి, మచ్చు చూడమనేవాడు. మండీ యజమాని సాయబుకు ఒకటి, గాజులమ్మే ఆమెకు ఒకటి, బండ్లు తోలేవాళ్లకు తలా ఒకటి. ఒక మాత్రకు ఒక పూట సుఖం. పుంగనూరులో ఆయప్పకు డాక్టరు పేరు వచ్చేసింది. సాయబైతే, "నీ డబ్బీ ఖాళీ అయ్యేలోపల నా కడుపు ఇంకోసారి నొప్పి పెడితే బాగుండునప్పా" అని వరసలో నిలబడేవాడు.

ఇక్కడ నా పాపం కూడా రాయాలి. మాత్రలు ఆపేశాడని నాకు తెలియదు గాని, పంచుతున్నాడని తెలుసు. ఆపమనలేదు. కనిపించినప్పుడల్లా సంచీలోంచి రెండు అట్టలు ఎక్కువే ఇచ్చాను. మూడు ఊళ్లలో ఆయప్ప సంగటి కథ చెప్పుకొని తిరిగాను. కథ ఎంత బాగా కుదిరిందంటే, అది ఇంకా అయిపోలేదని నాకు తట్టలేదు.

ఉగాదికి వారం ముందు, వెంకటగిరికోట సంతలో, రెండు మూటల నడుమ ఆయప్ప కూలబడ్డాడు. ముఖం ఆ పాత తెల్లమందు రంగులోకి తిరిగింది. విరేచనం రెండు రోజులుగా తారులాగా నల్లగా పోతున్నా ఇంట్లో చెప్పలేదట. పుండు నుంచి రక్తం కారితే అలాగే పోతుంది. చింతపండు లోడు ఎత్తిన లారీలోనే మదనపల్లెకు తీసుకొచ్చారు. రక్తం ఎక్కించారు. మూడో రోజుకు కారడం ఆగింది. ఇంక కోయడమే మిగిలిందని అందరూ అనుకుంటున్నారు. నేను సంచీ లేకుండా ఆసుపత్రికి పోయిన రోజు అదొక్కటే.

డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, ఎన్ని మాత్రలు మింగావని అడిగింది. ఎనిమిది అన్నాడు. నేను రాసింది ఎనభై నాలుగు కదా, మిగతావి ఏమయ్యాయంది. ఆయప్ప నా వైపు చూశాడు. నేను గోడ మీది బల్లి వైపు చూశాను.

"మచ్చుకు పోయినాయమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. వరండాలోకి పోయి అటూ ఇటూ రెండుసార్లు నడిచింది. ఆ నడకలోనే ఆలోచన తట్టినట్టుంది, తిరిగివచ్చి స్టూలు లాక్కొని కూర్చుంది.

"మచ్చు బాగుంటే ఏం చేస్తావు?"

"మూట కొంటాము."

"కొన్న మూటను సంతలోనే వదిలిపెట్టి ఇంటికి పోతావా?"

ఆయప్ప ఆమె వైపు చూశాడు.

"నాలుగు రోజులు మచ్చు చూశావు. బాగుందని ఊరంతా చెప్పావు. మూటను మాత్రం ఇంటికి తెచ్చుకోలేదు. మచ్చుతో ఏ ఇంట్లోనైనా ఏడాదికి చారు కాస్తారా?"

తరువాత ఆయప్ప లేవలేక లేచి భుజం మీది తుండుగుడ్డ లాగి, చెయ్యి చాపి, దాని మీద కప్పుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా బేరం చేయకుండా కొనడం ఆ మనిషికి చేతకాదు. నాలుగు వారాలకు తెంచమ్మా అన్నాడు. గుంటూరు డాక్టరమ్మకు ఆ గుడ్డ సంగతి తెలియదు. చెయ్యికి దెబ్బ తగిలిందనుకొని, ఏదీ చూపించమంది. అప్పుడు గోడ వార నిలబడి ఉన్న ఆయన భార్య ముందుకు వచ్చి, గుడ్డ కింద తన చెయ్యి పెట్టింది. లోపల ఏ వేళ్లు ఏ వేళ్లను పట్టుకున్నాయో మాకు కనపడలేదు. ఆయప్ప ముఖమే కనపడింది. మొదట మొండిగా ఉంది. తరువాత తల తిప్పుకున్నాడు. తరువాత మెత్తబడ్డాడు.

"ఆరు" అన్నాడు.

డాక్టరమ్మ కోసే డాక్టరుతో మళ్లీ మాట్లాడింది. రక్తం మళ్లీ కారితే వెంటనే కత్తికి పంపిస్తాను, కారకపోతే ఆరు వారాలు నాకివ్వండి అంది. ఆయప్ప భార్యకు, అదే ఆయమ్మకు, చదువు రాదు. ఒక ముంతలో ఎనభై నాలుగు చింతగింజలు పోసి, దేవుడి గూట్లో పెట్టింది. మాత్ర మింగిన ప్రతిసారీ ఆయప్ప చేతనే ఒక గింజ తీసి పెరట్లో వేయించేది. మింగకుండా గింజ తీసే ప్రయత్నం ఒకసారి జరిగిందని, ఆ పూట పడమటింటి తలుపు మూసుకొని ఆమె రెండు మాటలు మాట్లాడిందని, మళ్లీ ఆ ప్రయత్నం జరగలేదని ఆయప్పే చెప్పాడు. సాయబు మండీలో ఆ సీజనుకు రుచి చూసేవాడు లేక, గింజ మూటలు కొని లబోదిబోమన్నాడు. అయినా ఒక్కరోజు కూడా ఇంటికి వచ్చి మచ్చు చూడమని అడగలేదు. వచ్చినప్పుడల్లా గింజలు ఎన్ని మిగిలాయని అడిగి పోయేవాడు.

ముంత ఖాళీ అయిన వారానికి మళ్లీ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టింది. పాత దాన్ని పక్కన పట్టింది. పాతదాంట్లో గుంట ఉన్నచోట కొత్తదాంట్లో చిన్న ముడుత మాత్రం ఉంది. కత్తి అవసరం లేదంది. ఇంకొన్నాళ్లు రాత్రిపూట ఒక మాత్ర మింగాలి, నల్లగా పోతే దాచకుండా పరిగెత్తి రావాలి, చింతపండు అంటించినా మింగకూడదు, ఉమ్మి నీళ్లతో పుక్కిలించాలంది.

తరువాతి మాఘంలో ఆయప్ప మండీలో మొదటి మచ్చు తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. అంటించాడు, కన్ను మూశాడు, చూశాడు. అందరూ చుట్టూ మూగారు. చాలాసేపు ఏమీ అనలేదు. నాలుక పోయిందేమోనని సాయబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయప్ప పక్కకు తిరిగి ఉమ్మి, పుక్కిలించి, నిమ్మనపల్లె అన్నాడు. మూట తెచ్చినవాడు తల ఊపాడు. ఆయప్ప ముఖంలో ఆశ్చర్యం ఇంకా ఉంది.

"ఉమ్మినా నిజమే చెప్తాండాదే ఇది" అన్నాడు.

ఆ తరువాత డబ్బీలో మాత్రలు పంచడం మానేసి, ఆయప్ప మాటలు పంచడం మొదలుపెట్టాడు. బస్సులో ఎవరి చేతిలో మందుచీటీ కనిపించినా పక్కన కూర్చునేవాడు. ఎన్ని రోజులకు రాసినారప్పా, ఎన్ని మింగినావు అని అడిగేవాడు. దగ్గు తగ్గిందని క్షయ మాత్రలు మధ్యలో ఆపేసినవాళ్లను నిమ్మనపల్లెదాకా వెంటబడి పోయి పట్టుకున్నాడు. మచ్చు చూసి మూట ఇడిసిపెట్టొద్దు, మా డాక్టరమ్మ చెప్పింది, అనేవాడు. ఎంతమంది విన్నారో లెక్క లేదు. కనీసం ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరూ ఇప్పటికీ చౌడేపల్లెలో ఆవుల పాలు పిండుతున్నారు.

ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. కొట్లాట చింతపండు కథలో రైతు పెళ్లాం నవ్వు కొంచెం పెంచాను. గోడ మీద బల్లి ఉందో లేదో గుర్తు లేదు. తాలూకాలో తెగని బేరాలు రెండు మూడు ఉండే ఉంటాయి. ఇవన్నీ పెంచినవే గాని పుట్టించినవి కావు. పుట్టించింది ఒక్కటే. డాక్టరమ్మ వరండాలో నడవడం నిజం. ఆ నడకలో ఆమెకు ఆలోచన తట్టిందన్నది అబద్ధం. ఆమెకు మచ్చు తెలియదు, మూట తెలియదు. కోపం ఆపుకోవడానికి నడుస్తోంది. వరండా చివర నీళ్ల చెంబు పట్టుకొని నిలబడిన ఆయమ్మ నన్ను సైగతో పిలిచి, ఆ మాటలన్నీ వరసగా చెప్పింది. మచ్చు బాగుంటే ఏం చేస్తాడో అడుగు, మూటను సంతలో ఇడిసిపెడతాడా అని అడుగు, మచ్చుతో చారు కాస్తారా అని అడుగు. "నేనంటే ఇనడప్పా. డాక్టరమ్మ చేత అనిపించు. నా పేరు మాత్రం ఎత్తొద్దు" అంది. నేను డాక్టరమ్మకు చెప్పాను. ఆమె రెండుసార్లు వల్లెవేసుకొని, తన గుంటూరు మాటలోకి మార్చుకొని లోపలికి పోయింది.

ఆయప్ప ఉన్నన్నాళ్లూ నేను ఆ పేరు ఎత్తలేదు. నా నోరు మూసుకొని ఉన్న విషయం నా జన్మలో అదే. పదకొండో రోజున పుంగనూరులో ఆయమ్మ పక్కన కూర్చొని, ఆ మాట నీదని ఇప్పుడైనా రాయవచ్చా అని అడిగాను. ఆమె తన చేతులు చూసుకుంది.

"రాయప్పా" అంది. "నేను చెప్పినానని కాదు. ఆయప్ప ఇన్నాడని రాయి."